నిండటానికి ఇంకా ఎన్ని రోజులు?

వానాకాలం మొదలయ్యాక ఓరుగల్లు పేపర్లలో ఒక చిన్న పట్టిక కనిపిస్తుంది. శ్రీరాంసాగర్: పూర్తి మట్టం 1091 అడుగులు, సామర్థ్యం 80.5 టీఎంసీలు. దిగువ మానేరు: 920 అడుగులు, 24 టీఎంసీలు. వాటి పక్కన ఈ రోజు మట్టం, ఈ రోజు నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో. కాకతీయ కాలువ కింద పొలం ఉన్న రైతు ఆ వరుసలు చదివి నారు పోయాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అని తేల్చుకుంటాడు. ఆ పట్టికను రోజూ ఎవరూ కొత్తగా గీయరు. గడులు అవే, అంకెలే మారతాయి. కొత్త ప్రాజెక్టు కడితే ఒక వరుస చేరుతుంది, అంతే.

వందల సర్వర్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లకు కావాల్సిన డిస్క్ రిపోర్టు ఇలాంటిదే. ఒకసారి ఆలోచించి పెట్టుకుంటే ఏళ్ల తరబడి పనికొచ్చే పట్టిక. వరంగల్‌లో ఈ అవసరం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన నిట్ ఉంది. 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం, కాళోజీ పేరిట ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం, హనుమకొండలో ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం ఉన్నాయి. 2020 జనవరి 7న మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాయి. మార్కులు, అడ్మిషన్లు, బిల్లులు, జీతాలు ఏ సంస్థలోనైనా ఈ రోజు సర్వర్ల మీదే నడుస్తాయి. డిస్క్ నిండితే డేటాబేస్ రాయడం ఆపేస్తుంది. ఫీజు కట్టిన విద్యార్థికి రసీదు రాదు. లాగ్ రాయడానికే చోటు ఉండదు కాబట్టి ఏం జరిగిందో వెతుకుదామన్నా జాడ దొరకదు. సర్వర్లకు వచ్చే జబ్బుల్లో ముందుగా పసిగట్టగలిగినది ఈ డిస్క్ నిండటమే. పసిగట్టగలిగీ వదిలేయడం వల్లే దీని గురించి ఇంత ఓపికగా చెప్పాలనిపిస్తుంది.

చాలా చోట్ల ఈ పని ఇప్పటికీ చేత్తోనే సాగుతోంది. సోమవారం ఉదయం ఒకరు ఒక్కో సర్వర్‌లోకి లాగిన్ అయి, డిస్క్ వాడకం చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి, వచ్చిన అంకెలను ఎక్సెల్ షీట్‌లో అతికిస్తారు. ఇంకొంచెం ముందుకెళ్లినచోట జబ్బిక్స్, నాగియోస్, ప్రోమిథియస్ లాంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటారు. కానీ రిపోర్టులో సర్వర్ల పేర్లను ఒక్కొక్కటిగా ఎంచి పెడతారు. ఆరు నెలలు తిరిగేసరికి కొత్తగా వచ్చిన సర్వర్లు అందులో ఉండవు, తీసేసిన సర్వర్లు ఖాళీ గీతలుగా మిగులుతాయి. కొత్తగా వచ్చిన సర్వరే సాధారణంగా వేగంగా నిండేది. రిపోర్టు చూడాల్సిన చోటే చూడదు.

అందుకని మొదటి నియమం: రిపోర్టులో ఏ సర్వర్ పేరూ ఉండకూడదు. ఉండాల్సింది గుంపు పేరు. 'పరీక్షల విభాగం', 'బిల్లింగ్', 'బ్యాకప్' అని సర్వర్లను చేర్చుకునేటప్పుడే గుంపులుగా విడదీసి, రిపోర్టును ఆ గుంపును అడిగేలా రాయాలి. సర్వర్ లోపల ఎన్ని పార్టిషన్లు ఉన్నాయన్నది కూడా మనం రాసిపెట్టనక్కర్లేదు. జబ్బిక్స్‌లో డిస్కవరీ నియమం ఒకటుంది. అది నిర్ణీత వ్యవధికోసారి సర్వర్‌ను అడిగి, ఉన్న ఫైల్ సిస్టమ్‌లన్నింటినీ తానే కనుక్కుని కొలవడం మొదలుపెడుతుంది. ప్రోమిథియస్‌లో నోడ్ ఎక్స్‌పోర్టర్ ప్రతి మౌంట్‌కూ మొత్తం పరిమాణం, మిగిలిన పరిమాణం ఇస్తుంది. విండోస్‌లో అవి సీ, డీ అనే డ్రైవ్ అక్షరాలు, లినక్స్‌లో వాలుగీతతో మొదలయ్యే దారులు. ఒకే పట్టికలో రెండూ ఇమడాలంటే గడికి 'డ్రైవ్' అనో 'మౌంట్' అనో కాకుండా 'చోటు' అని పేరు పెట్టుకుంటే సరిపోతుంది.

అన్నింటినీ కనుక్కోమంటే అక్కర్లేనివీ వచ్చిపడతాయి. ఉబుంటూలో స్నాప్ ప్యాకేజీల మౌంట్లు ఎప్పుడూ నూరు శాతం నిండే ఉంటాయి. అవి చదవడానికి మాత్రమే ఉన్నవి, వాటి స్వభావమే అంత. వాటిని అలాగే ఉంచితే రిపోర్టు మొదటి పేజీ అంతా ఎర్రగా నిండిపోతుంది. రెండు వారాలకు ఆ ఎరుపును ఎవరూ పట్టించుకోరు. మెమరీలో ఉండే టెంప్‌ఎఫ్‌ఎస్, కంటైనర్ల ఓవర్‌లే మౌంట్లు కూడా తీసేయాల్సినవే. నెట్‌వర్క్‌లో పంచుకున్న ఒకే డిస్క్‌ను ఇరవై సర్వర్లు మౌంట్ చేసుకుంటే, అది ఇరవైసార్లు లెక్కలోకి వచ్చి మొత్తాన్ని చెడగొడుతుంది. ఈ వడపోతను టెంప్లేట్‌లో ఒక్కచోట రాసిపెడితే దాని కిందికొచ్చే సర్వర్లన్నింటికీ వర్తిస్తుంది. ప్రతి సర్వర్‌లో విడిగా రాస్తే ఎక్కడో ఒకచోట తప్పక మరిచిపోతాం.

ఇక శాతం సంగతి. నాగార్జునసాగర్ సామర్థ్యం 312 టీఎంసీలు. అందులో పదో వంతు మిగిలిందంటే 31 టీఎంసీలు, అంటే నిండు దిగువ మానేరు కంటే ఎక్కువ. అందుకే నీటిపారుదల శాఖ పట్టికలో శాతం ఒక్కటే ఉండదు, టీఎంసీలు కూడా ఉంటాయి. డిస్క్‌ల దగ్గర మాత్రం అందరం శాతానికి అలవాటు పడ్డాం. జబ్బిక్స్ టెంప్లేట్లలో సాధారణంగా 80 శాతం దాటితే హెచ్చరిక, 90 దాటితే ప్రమాదం. 8 టీబీల బ్యాకప్ సర్వర్ 90 శాతం నిండిందనుకుందాం. ఇంకా 800 జీబీలు ఉన్నాయి. రోజుకు 2 జీబీల చొప్పున పెరిగితే నాలుగు వందల రోజులు పడుతుంది. పక్కనే 40 జీబీల చిన్న అప్లికేషన్ సర్వర్ 70 శాతం దగ్గర పచ్చగా కనిపిస్తోంది. మిగిలింది 12 జీబీలు, రోజుకు ఒకటిన్నర జీబీ లాగ్ రాస్తోంది. ఎనిమిది రోజుల్లో ఆగిపోతుంది. శాతం ప్రకారం వరుస పెడితే మొదటిది పైన, రెండోది ఎక్కడో మూడో పేజీలో ఉంటుంది.

సామర్థ్యం అని కాగితం మీద ఉన్నదాన్ని కూడా యథాతథంగా నమ్మడానికి లేదు. శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు. పూడిక చేరి, సర్వేల తర్వాత అది 90కి, ఆపై 80.5కి తగ్గింది. నాగార్జునసాగర్ కూడా మొదట 408 టీఎంసీలు. పైగా నాగార్జునసాగర్‌లో 510 అడుగుల కనీస మట్టం దగ్గర కూడా సుమారు 131 టీఎంసీల నీళ్లు ఉంటాయి, వాటిని మామూలుగా వాడుకోవడానికి ఉండదు. డిస్క్‌లోనూ ఇలాంటి కోతలున్నాయి. అమ్మేవాళ్లు 1 టీబీ అన్నది లక్ష కోట్ల బైట్లు. చాలా సిస్టమ్‌లు కిలోబైట్‌కు 1024 చొప్పున లెక్కపెడతాయి కాబట్టి తెర మీద 931 జీబీలే కనిపిస్తాయి. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. మామూలు ప్రోగ్రామ్‌కు అది అందదు. అందువల్ల రిపోర్టులో 'ఖాళీ' అని చూపేటప్పుడు వాడుకోదగ్గ ఖాళీనే చూపాలి. ప్రోమిథియస్ 'ఫ్రీ', 'అవెయిలబుల్' అని రెండు వేర్వేరు కొలతలు ఇస్తుంది. తీసుకోవాల్సింది రెండోది. మొదటిది తీసుకుంటే ఇంకా 5 శాతం ఉందని రిపోర్టు చెబుతుండగానే అప్లికేషన్ ఆగిపోతుంది.

ఐనోడ్‌లు మరో గడి. ఒక్కో ఫైల్‌కు ఒక ఐనోడ్ కావాలి, ఈఎక్స్‌టీ4లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసిన రోజునే ఖాయమవుతుంది. సెషన్ ఫైళ్లు, మెయిల్ క్యూలు లక్షల సంఖ్యలో చిన్నచిన్న ఫైళ్లను పుట్టిస్తే, సగం చోటు ఖాళీగా ఉండగానే కొత్త ఫైల్ పుట్టదు. చోటుకూ ఐనోడ్‌లకూ రెండు గడులు పక్కపక్కన ఉంటే, ఈ తలనొప్పి వచ్చిన రోజున గంటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

జలాశయాల పట్టికలో నాకు అన్నింటికంటే విలువైనదిగా అనిపించేది ఇన్‌ఫ్లో గడి. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ. ఆ లెక్క తెలిసిన మనిషి పట్టిక చూసి ప్రాజెక్టు నిండటానికి ఎన్ని రోజులు పడుతుందో నోటితో చెప్పేస్తాడు. డిస్క్ రిపోర్టుకు కూడా ఈ గడి కావాలి: గత ముప్పై రోజుల్లో రోజుకు సగటున ఎంత పెరిగింది, ఆ లెక్కన ఎన్ని రోజులు మిగిలాయి. ఇందుకు వాడే ఫంక్షన్లు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. జబ్బిక్స్‌లో 'టైమ్‌లెఫ్ట్' 2016 నాటి 3.0 వెర్షన్‌తో వచ్చింది. ప్రోమిథియస్‌లో 'ప్రెడిక్ట్ లీనియర్' ఉంది. వరుసను ఈ గడి ప్రకారం, తక్కువ రోజులు మిగిలినవి పైన ఉండేలా పెట్టాలి.

ఆ ఫంక్షన్లు సరళరేఖను గీసి చెబుతాయి, డిస్క్‌లేమో అలా నడవవు. లాగ్ రోజంతా పెరిగి అర్ధరాత్రి రొటేషన్‌తో పడిపోతుంది. బ్యాకప్ ఆదివారం ఒక్కసారిగా పెరుగుతుంది. నిన్నటి ఆరు గంటల కొలతలు చూపి లెక్క వేయమంటే మూడు గంటల్లో నిండుతుందని బెదిరిస్తాయి, లేదా ఎన్నటికీ నిండదని భరోసా ఇస్తాయి. కనీసం నాలుగు పూర్తి వారాల చరిత్ర మీద లెక్క వేయాలి.  రోజువారీ సగటు పెరుగుదల లెక్కకు జబ్బిక్స్ గంటకో కనిష్ఠం, సగటు, గరిష్ఠం విడిగా దాచే 'ట్రెండ్స్' చాలు, టైమ్‌లెఫ్ట్‌కు మాత్రం అసలు కొలతల చరిత్రే కావాలి. ఇంత చేసినా ఉపద్రవాలు రేఖకు లొంగవు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. గత నెల సగటు దాన్ని చెప్పగలిగేది కాదు. ఏదో ప్రోగ్రామ్ తప్పు చేసి క్షణానికి వేల లాగ్ వరుసలు రాయడం మొదలుపెట్టినప్పుడూ అంతే. దానికి వారం రిపోర్టు సరిపోదు, వెంటనే ఫోన్‌కు వచ్చే అలర్ట్ ఉండాలి. రిపోర్టు నెమ్మదిగా వచ్చే ముప్పు కోసం, అలర్ట్ ఉన్నపళాన వచ్చే ముప్పు కోసం. ఒకటి ఉంది కదా అని రెండోది మానుకోకూడదు.

వాన లెక్కల నుంచి మరో మాట. వర్షమాపక కేంద్రం మూగబోతే ఆ మండలంలో వాన సున్నా అని రాయకూడదు, సమాచారం రాలేదని రాయాలి. అలాగే, కొలతలు పంపే ఏజెంట్ ప్రోగ్రామ్ ఆగిపోయిన సర్వర్ చాలా రిపోర్టుల్లో అసలు కనిపించకుండానే పోతుంది. ఇంకా అన్యాయంగా, పది రోజుల నాటి పచ్చ అంకెతో అలాగే నిలబడి ఉంటుంది. డిస్క్ నిండటం వల్లే ఏజెంట్ ఆగిపోయి ఉండవచ్చు కూడా. ప్రతి వరుసలో 'చివరి కొలత ఎప్పుడు' అనే గడి తప్పనిసరి. ఒక రోజు దాటిన కొలతలన్నీ పట్టికకు పైన విడిగా రావాలి. మడికొండలో కూర్చుని వేరే దేశపు సర్వర్లను చూసేవాళ్లయితే ఆ సమయం ఏ దేశానిదో కూడా రాసుకోవాలి. లేకపోతే రాత్రి బ్యాకప్‌కు ముందు అంకె, తర్వాతి అంకె కలగలిసిపోతాయి.

రిపోర్టు దానంతటదే అందాల్సినవాళ్లకు చేరాలి. జబ్బిక్స్‌లో 2021 నాటి 5.4 వెర్షన్ నుంచి డాష్‌బోర్డ్‌ను పీడీఎఫ్‌గా ప్రతి వారం మెయిల్ చేసే సదుపాయం ఉంది. ఇదివరకు స్క్రిప్టులతో చేసుకున్న పని అది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎన్ని రోజులు మిగిలితే ఎర్రగా చూపాలి? అందరికీ ఒకే అంకె పెట్టడం దగ్గరే చాలా రిపోర్టులు చెడతాయి. క్లౌడ్‌లో ఉన్న డిస్క్‌ను కొన్ని నిమిషాల్లో పెంచుకోవచ్చు, దానికి పది రోజులు చాలు. ప్రభుత్వ కార్యాలయంలో అలా కుదరదు. అవసరం రాసి, అనుమతి తీసుకుని, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొని, డిస్క్ వచ్చి, సెలవు రోజు చూసి బిగించేసరికి నెలలు పడతాయి. అక్కడ 120 రోజుల దగ్గరే ఎరుపు రావాలి. పాత లాగ్‌లు చెరిపేద్దామంటే దానికీ హద్దుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లను 180 రోజుల పాటు దేశంలోనే భద్రపరచాలి. రోజుకు 3 జీబీల లాగ్ రాసే సర్వర్‌కు అది 540 జీబీలు, 5 జీబీలకు పెరిగితే 900. కొనడానికి పట్టే కాలాన్ని, దాచక తప్పని కాలాన్ని ఒక్కో గుంపుకూ విడిగా రాసి, ఎర్రగీతను అక్కడి నుంచి లెక్కగట్టాలి. టెంప్లేట్‌లో దాన్ని ఒక మాక్రోగా పెట్టుకుంటే గుంపు మారినప్పుడు అంకె మారుతుంది, రిపోర్టు మారదు. రిపోర్టు చివరి గడిలో ఆ డిస్క్ కోసం ఫైలు కదపాల్సిన అధికారి హోదా ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్న వరుసలను ఎన్ని రోజులు మిగిలినా ఎర్రగానే చూపించాలి.