పాత బీమా పత్రాన్ని విడిచే ముందు

వైద్యుడు బీమా గురించి వ్రాయడమేమిటని పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. గురుకులంలో మాకు నాడి, జిహ్వ మొదలైన ఎనిమిది స్థానాల పరీక్ష నేర్పారు గాని ప్రపోజల్ ఫారం పూరించడం నేర్పలేదు. అయినా నేను స్వహస్తాలతో వ్రాసిన మందుల చీటీ ఒకటి బీమావారి తిరస్కార లేఖలోకి ఎక్కింది. అందువల్ల ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పడం లేదు.

ఆయన ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడు, నాకు చిరకాల పరిచితుడు. 2016లో, తన నలభై నాలుగవ ఏట, 5 లక్షల రూపాయలకు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకొన్నారు. ఆసుపత్రి బిల్లు చెల్లించే మామూలు ఆరోగ్య బీమా వేరు, ఇది వేరు. పట్టికలో పేర్కొన్న పెద్ద వ్యాధి ఏదైనా నిర్ధారణ అయి, ఆపైన రోగి నిర్ణీత దినాలు, చాలా పాలసీలలో 30 దినాలు, జీవించి ఉంటే మొత్తం సొమ్ము ఒకేసారి చేతికి ఇస్తారు. జీతం ఆగిపోయిన ఇంటికి అది పెద్ద ఆధారం.

2019లో ఆయనకు మధుమేహం బయటపడింది. వ్యాధి తొలిదశలోనే ఉన్నందున ఆహార నియమం, నడక, ఉసిరిక పసుపు కలిపిన చూర్ణం, మధ్యమధ్య రక్తపరీక్ష, వీటితోనే అదుపులో ఉంచగలిగాము. చీటీ పైభాగాన "మధుమేహము" అని వ్రాసి తేదీ వేయడం నా అలవాటు. 2022లో ఒక ఏజెంటు ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీ పాతదానిలో 11 జబ్బులే ఉన్నాయి, దీనిలో 36 ఉన్నాయి, సొమ్ము 10 లక్షలు" అని నచ్చజెప్పాడు. ఆయన పాతదానికి ప్రీమియం మానివేసి కొత్తది తీసుకొన్నారు. మధుమేహం ఉన్నదా అన్న ప్రశ్నకు లేదని వ్రాశారు. ఇంగ్లీషు మాత్రలు వేసుకోవడం లేదు, చూర్ణమే కదా అని ఆయన భావన. మోసం చేయాలన్న బుద్ధి ఆ మనిషికి లేదు. కొత్త పాలసీ మొదలైన 71వ రోజు తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది.

దైవానుగ్రహం వల్ల ప్రాణం దక్కింది. సొమ్ము దక్కలేదు. 90 రోజుల నిరీక్షణ కాలం పూర్తికాకుండా వ్యాధి వచ్చిందన్నది మొదటి కారణం. ముందునుండి ఉన్న మధుమేహాన్ని దాచారన్నది రెండవది. దానికి సాక్ష్యం నా చీటీ. కుమారుడు వచ్చి తల వంచుకొని, "బాబాయిగారూ, తేదీ మార్చి మరొక చీటీ వ్రాసి ఇవ్వగలరా?" అని అడిగాడు. కుదరదన్నాను. "తేదీ మార్చినా 71వ రోజు 91వ రోజు కాదు నాయనా" అని కూడా అన్నాను. అతడు వెళ్లిన తర్వాత చాలాసేపు ఊరకే కూర్చుండిపోయాను. మూడేళ్లు నా వద్దకు వచ్చిన రోగికి, చూర్ణం వాడినా వ్యాధి వ్యాధేనని, అడిగినచోట చెప్పి తీరవలెనని ఒక్కనాడైనా నేను చెప్పలేదు.

నన్ను ఎక్కువగా బాధించిన సంగతి వేరు. పాత పాలసీ కొనసాగి ఉంటే 5 లక్షలు వచ్చి ఉండేవి. 2016 నాటి ఫారంలో ఆయన వ్రాసినదంతా సత్యమే, అప్పటికి మధుమేహం లేదు. నిరీక్షణ కాలం ఎన్నడో గడిచింది. గుండెపోటు ఆ 11 వ్యాధులలోనూ ఉన్నది. మనిషి నలభై నాలుగు నుండి యాభైకి వచ్చేసరికి శరీరం మారుతుంది. పాత పత్రం ఆ ఆరోగ్యవంతుడైన మనిషితో చేసుకొన్న ఒప్పందం. దానిని వదిలితే, వ్యాధి ప్రవేశించిన మనిషిగా క్రొత్తగా బేరమాడవలసి వస్తుంది.

పట్టిక పొడవు చూసి భ్రమపడరాదు. గుండెపోటు, క్యాన్సరు, పక్షవాతం వంటి ప్రధాన వ్యాధుల నిర్వచనాలను హైదరాబాదులో కేంద్ర కార్యాలయం గల బీమా నియంత్రణ సంస్థ 2013లోనే ఏకరూపం చేసింది. కనుక పత్రంలో చూడవలసినది సంఖ్య కాదు, షరతులు. ఆ నిర్వచనాల ప్రకారం పక్షవాతంలో నాడీలోపం కనీసం 3 నెలలు నిలిచినట్లు రుజువు కావాలి. పుట్టినచోటనే ఉన్న అతి తొలిదశ క్యాన్సరు చేరదు. ఛాతీ తెరిచి చేసే బైపాస్‌కు ఇచ్చే సొమ్ము ఆంజియోప్లాస్టీకి రాదు. కొన్ని కొత్త పాలసీలు వీటికి కొంత భాగం చెల్లిస్తాయి. మీకు కావలసినది అదే అయితే మార్పును ఆలోచించడంలో తప్పు లేదు. పాతది జీవిత బీమాకు జోడించిన రైడరా, ఎన్నేళ్ల వయస్సు వరకు సాగుతుంది అన్నవి కూడా చూడండి. ప్రీమియం పోల్చేటప్పుడు ఒక మెలకువ: వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి తొలగింది. పాత రసీదులో పన్ను కలిసి ఉంటుంది కనుక, దానిని తీసివేసి పోల్చినప్పుడే కొత్తది నిజంగా చవకో కాదో తెలుస్తుంది.

పోర్టబిలిటీ ఉన్నది కదా, పాత సంవత్సరాలు కలిసివస్తాయని కొందరంటారు. 2011లో వచ్చిన ఆ సదుపాయం ముఖ్యంగా ఆసుపత్రి ఖర్చులిచ్చే పాలసీలను ఉద్దేశించినది. ఏకమొత్తం ఇచ్చే పాలసీకి అది వర్తిస్తుందని ఏజెంటు నోటిమాటగా చెబితే చాలదు, కంపెనీ నుండి వ్రాతపూర్వకంగా తీసుకోండి. ఆరోగ్య బీమాలో 60 నెలలు ఎడతెగక సాగిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, వ్యాధి చెప్పలేదన్న కారణంతో ప్రశ్నించరాదని 2024లో నిబంధన వచ్చింది. అంతకుముందు ఈ గడువు 8 ఏళ్లు. పాతదానిలో ఎన్ని నెలలు నిండాయో వేళ్లమీద లెక్కించి చూసుకోండి.

మార్చక తప్పదనుకొంటే పాతదానిని వెంటనే ఆపవద్దు. ఉన్న జబ్బులన్నీ చెప్పి, కొత్త పత్రం చేతికందిన తర్వాత, దాని 90 రోజులు గడిచేవరకు రెండింటినీ నడపండి. పత్రం అందిన 30 రోజులలోగా నచ్చకపోతే తిరిగి ఇచ్చే హక్కు ఉన్నది. ఆ రోజులలో అక్షరమక్షరం చదవండి. నన్నడిగితే, పాతది ఉంచుకొని మరొక చిన్న పాలసీ చేర్చుకోవడమే చాలా ఇళ్లకు మేలు. ఇవి బిల్లును బట్టి ఇచ్చేవి కావు గనుక సాధారణంగా రెండూ చెల్లిస్తాయి.

అధ్యాపకుడు ఇప్పుడు హృద్రోగ నిపుణుల మాత్రలు క్రమం తప్పక వాడుతూ, వారి అనుమతితో నా వద్ద అర్జునచెక్క పాలకషాయం తీసుకొంటున్నారు. మొన్న కుమారుడు తన ప్రపోజల్ ఫారంతో వచ్చాడు. ఆమ్లపిత్తానికి నేనిస్తున్న చూర్ణాన్ని కూడా "వాడుతున్న మందులు" అన్నచోట వ్రాయాలా అని అడిగాడు. వ్రాయమన్నాను. జబ్బు పేరు, మొదలైన తేదీ నా చీటీ చూసి నేనే చెప్పాను.