ఆ ముడతలు ఎవరివి?

2019 జులైలో కుర్రకారంతా ఒక్కసారిగా ముసలివాళ్లయిపోయారు. ఫేస్‌యాప్‌లో ఫొటో పెడితే చాలు, నెరిసిన జుట్టు, జారిన బుగ్గలు, కళ్లకింద సంచులు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే నవ్వులు: 'అచ్చం మీ తాతలా ఉన్నావ్‌రా!' నాకప్పుడు ముప్పై. నేనూ పెట్టాను. తెర మీద మా నాన్న కనిపించాడు. నవ్వు రాలేదు. యాప్ మూసేశాను.

ముసలివాళ్లను చూస్తే చావు గుర్తొస్తుందనీ, అందుకే వాళ్లను దూరం పెడతామనీ కొందరు మనస్తత్వవేత్తలు అంటారు. నా వరకు అది నిజమే.

వయసును బట్టి మనిషిని చిన్నచూపు చూడటానికి 'ఏజిజం' అని 1969లో పేరుపెట్టింది అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్. వాషింగ్టన్‌లోని ఓ కలవారి పేటలో పేద వృద్ధులకు ఇళ్లు ఇస్తామంటే చుట్టుపక్కలవాళ్లు అడ్డం తిరిగారు. ఆ గొడవలోంచి పుట్టిందా మాట. ప్రపంచంలో ఇద్దరిలో ఒకరికి ఈ చిన్నచూపు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తేల్చింది.

పెద్దల కాళ్లకు దణ్ణం పెట్టేవాళ్లం, మనకెక్కడిది అనుకుంటాం. దణ్ణం పెట్టడం వేరు, మనిషిగా లెక్కలోకి తీసుకోవడం వేరు. కూరగాయల బండి దగ్గర మా అమ్మమ్మ ఫోన్‌ను క్యూఆర్ కోడ్ వైపు తిప్పింది. చెయ్యి కొంచెం వణుకుతోంది. పిన్‌లో రెండంకెలు కొట్టింది. 'నీకు రాదులే అమ్మమ్మా, ఇటివ్వు' అని మా చెల్లి ఫోన్ లాక్కుంది. ప్రేమగానే. మర్నాటి నుంచి అమ్మమ్మ కొంగుముడిలో చిల్లర పెట్టుకుని వెళ్తోంది.

'కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక...', 'ముసలోడికి దసరా పండగ', 'అరవయ్యేళ్లకు అరులుమరులు'. ఇవన్నీ బళ్లో చేరకముందే మన చెవిన పడతాయి. అప్పుడవి మన గురించి కావు, కాబట్టి ఎదురు చెప్పం. తీరా వయసొచ్చాక వాటినే మనకు మనం అంటించుకుంటాం అంటారు యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు బెకా లెవీ. అమెరికాలోని ఒహాయోలో యాభై దాటినవాళ్ల మీద ఆమె బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. తమ ముసలితనాన్ని మంచిగా తలచినవాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారట.

సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. అరవై దాటిన హీరో పాతికేళ్ల పిల్లతో గంతులేస్తే ఈల వేస్తాం, ఒకప్పుడు అతని పక్కన ఆడిన హీరోయిన్‌కి తల్లి వేషం ఇస్తాం. 'ఆంటీ' అయితే తిట్టే అయిపోయింది.

అసలు కారణం ఇంకోటి ఉందని నా అనుమానం. అమీర్‌పేట హాస్టల్లో ఏడాది, మాదాపూర్ ఆఫీసులో పదేళ్లు గడిపిన కుర్రాడికి డెబ్బై ఏళ్ల మనిషి ఎక్కడ తగులుతాడు? సంక్రాంతికి ఊరెళ్లిన మూడు రోజులు. అందులోనూ ఒకరోజు ప్రయాణాలకే పోతుంది. తెలియని మనిషిని గురించి జోకులే మిగులుతాయి.

2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లే ఉంటారని ఐక్యరాజ్యసమితి అంచనా. నాకప్పటికి 61. ఆ ఐదుగురిలో ఒకణ్ని నేనే.

మీ ఫేస్‌యాప్ ఫొటో ఇంకా గ్యాలరీలో ఉంటే చెరిపేయకండి. అప్పుడు పోలిక సరిచూసుకోవచ్చు.