ఎదురింటి మేడ మీద టవరు

మా ఎదురింటి మేడ మీద ఫోను కంపెనీవారు టవరు నిలబెట్టిన నాటినుంచీ మా అక్కయ్యకు తలనొప్పి పట్టుకుంది. "ఆ కిరణాలు నా తలలోంచే పోతున్నాయిరా తమ్ముడూ" అనేది. వీధిలో తక్కినవారికీ తలా ఒక బాధ వచ్చింది. ఒకరికి నిద్రపట్టదు, మరొకరికి గుండెదడ. మేడగలాయనకు మాత్రం నెలనెలా అద్దె వచ్చింది.

అందరం కలిసి అర్జీ పెట్టదలిచాం. రాసే పని నా నెత్తిన పడింది. తెలియని సంగతి ఎలా రాయడమని కాస్త చదివాను.

టవరు విడిచేవి రేడియో తరంగాలు. ఎక్సురే కిరణాలలాగా ఒంట్లోని అణువులను చీల్చే శక్తి వీటికి లేదు. మోతాదు బాగా మించితే ఒళ్ళు వేడెక్కుతుంది. అందుకని అంతర్జాతీయ నిపుణులు ఒక హద్దు పెట్టారు. మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి అందులో పదోవంతే చాలన్నది. పైగా దీపం కింద చీకటి అన్నట్టు, టవరు తన తరంగాలను దూరానికి విసురుతుంది. కాళ్ళ దగ్గర పడేది స్వల్పం.

మరి 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ వీటిని "కేన్సరు కలిగించవచ్చునేమో" అనే జాబితాలో చేర్చింది కదా అంటారా? చేర్చింది. అయితే ముఖ్యంగా వాళ్ళను అనుమానంలో పడేసింది చెవికి ఆనించుకునే ఫోను, టవరు కాదు. 2010లో బ్రిటనులో కేన్సరు వచ్చిన 1397 మంది పసిపిల్లల సంగతి విచారించారు. కడుపుతో వున్నప్పుడు వాళ్ళ తల్లులు టవర్లకు దగ్గరగా వున్నందువల్ల ముప్పు పెరిగినట్టు కనబడలేదు. ఇంకో తమాషా: టవరు దూరమైనకొద్దీ మన చేతిలోని ఫోనే మరింత గట్టిగా అరవవలసి వస్తుంది!

2007లో ఎసెక్సు విశ్వవిద్యాలయంవారు టవరు పడదనేవారిని కూర్చోబెట్టి, చెప్పకుండా తరంగాలు విడిచారు, ఆపారు. ఎప్పుడు వున్నవో వాళ్ళు పోల్చలేకపోయారు. వున్నవని చెప్పినప్పుడు మాత్రం బాధపడ్డారు.

ఇది చదివి వినిపిస్తే అక్కయ్యకు కోపం వచ్చింది. "అయితే నా నొప్పి అబద్ధమా?"

"నొప్పి నిజమే అక్కయ్యా. కారణమే తేలలేదు" అని బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. రక్తపోటు 190! ఆరు నెలలుగా టవరును తిట్టుకుంటూ ఎవరికీ చూపించుకోలేదు. ఇంకా ఆలస్యమైతే పక్షవాతం వచ్చేదని డాక్టరు మందలించాడు.

అర్జీ మానలేదు. అందులో రెండే కోరాం: తరంగాలు కొలిచి చూపండి, కరెంటు పోయినప్పుడల్లా తెల్లవార్లూ మోగే జనరేటరు నోరు మూయించండి. కొలిచారు, హద్దుకు ఎంతో తక్కువే వుంది. జనరేటరుకు పెట్టె బిగించాక, నిద్రపట్టనాయన గుర్రు వీధి చివరికి వినిపిస్తోంది.

అక్కయ్య ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటోంది. అయినా పడుకోబోయేముందు ఎదురింటి వైపు కిటికీ మూసే వస్తుంది. ఫోను మాత్రం తలగడ కిందే!