ఫైలు నా దగ్గరుంది, హక్కు నాది కాదు

గోదావరిఖని చౌరస్తా దగ్గర నాది డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, యూనియన్ కరపత్రాలు, వాటి మధ్య పుస్తకాలు. బొగ్గుబాయి కార్మికులు మొదటి షిఫ్టు దిగి, నోట్‌బుక్ సంచిలో పెట్టుకొని వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చొని ప్రూఫులు దిద్దుకుంటారు. అచ్చు ఖర్చు వాళ్లదే. ఐదు వందల కాపీలు వేస్తే సగం సభలోనే పంచేస్తారు. సింగరేణిలో పనిచేసి ‘నల్లవజ్రం’ రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు సాహిత్య లోకానికి తెలుసు. బతుకంతా కలిపి ఒకే ఒక్క పుస్తకం వేసుకున్నవాళ్లు ఎవరికీ తెలియదు. నా బాధ వాళ్ల గురించే.

ఆ మధ్య ఒకాయన వచ్చి, “పాత ఫైళ్లన్నీ ఉన్నయట గదక్కా, ఏఐకి తెలుగు నేర్పాలె, పేజీకింత ఇస్తం” అన్నాడు. రాసినవాళ్లను అడిగారా అంటే, “టైపు చేసింది నువ్వే గద” అన్నాడు. టైపు చేసినంత మాత్రాన కథ నాదైపోదు. వాళ్ల సంతకాలు తెస్తే ఇస్తానన్నాను. మళ్లీ రాలేదు.

నా పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, చుక్కలు కలగాపులగంగా కనిపిస్తాయి. వాటిని యంత్రం చదవలేకపోవడమే ఇన్నాళ్లూ ఈ పుస్తకాలకు కాపలా. ఇప్పుడు యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. స్కాన్ చేసిన పేజీలో అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల తెలుగు పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. అందులో అభిమానంతో ఎవరో ఎక్కించినవీ ఉన్నాయి, రచయితకు తెలియకుండానే.

ఏఐ పుస్తకాన్ని బీరువాలో పెట్టినట్టు దాచుకోదు. కోట్ల వాక్యాలు చూసి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్క కడుతుంది. “చదివి నేర్చుకున్నాం, దొంగిలించలేదు” అని కంపెనీలు అనేది అందుకే. కానీ లెక్క కట్టాలంటే ముందు పుస్తకం మొత్తం కాపీ చేసుకోవాలి. మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం కాపీ చేసే హక్కు హక్కుదారుడిదే. సొంత చదువు, పరిశోధన, సమీక్ష, వార్తల లాంటి వాటికి 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. వ్యాపారం కోసం ఏఐకి నేర్పడం ఇందులోకి వస్తుందా? 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో వేసిన కేసులో ముఖ్యమైన ప్రశ్న ఇదే. తమ సర్వర్లు భారత్‌లో లేవు గనుక ఇక్కడి కోర్టుకు అధికారం లేదని కూడా ఓపెన్‌ఏఐ వాదించింది. పాఠకులు ఇక్కడివాళ్లు, పుస్తకాలు ఇక్కడివి. ఆ వాదన నాకు మింగుడుపడలేదు.

అమెరికాలో 2025 జూన్‌లో జడ్జి విలియం ఆల్సప్ ఆంత్రోపిక్ కేసులో, కొన్న పుస్తకాలతో ఏఐకి నేర్పడం చట్టబద్ధమేననీ, పైరసీ సైట్ల నుంచి దించుకొని దాచుకోవడం కాదనీ అన్నాడు. తర్వాత ఆ కంపెనీ 150 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. అయితే ఆ పుస్తకం అమెరికా కాపీరైట్ ఆఫీసులో రిజిస్టరై ఉండాలి. గోదావరిఖనిలో వేసిన ఐదు వందల కాపీల పుస్తకానికి అక్కడ చోటెక్కడిది?

ఢిల్లీ నుంచి ఇంకో ప్రతిపాదన వచ్చింది. 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ విడుదల చేసిన పత్రం ప్రకారం ఏఐ కంపెనీలు అనుమతి అడగనక్కర్లేదు; ఆదాయంలోంచి రాయల్టీ కడితే ఒక సంస్థ వసూలు చేసి పంచుతుంది. రచయిత వద్దనడానికి వీల్లేదు. డబ్బు సంగతి సరే, వద్దనే హక్కు లాక్కోవడం అన్యాయం. ఇంతకీ ఆ డబ్బైనా అందుతుందా? 2025 దసరాకు సింగరేణి లాభాల్లో పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలినదాంట్లో 34 శాతం కార్మికులకు వాటాగా ప్రకటించారు. కార్మికుడి పేరు మస్టర్‌లో ఉంది కాబట్టి అతని వాటా అతని ఖాతాలో పడింది. పుస్తకాలకు మస్టర్ ఏదీ? ఏ సంఘంలోనూ లేని రచయితను వెతుక్కుంటూ ఆ సంస్థ గోదావరిఖనిలోని మా లక్ష్మీనగర్‌కు వస్తుందని నేను నమ్మను.

అందుకే నా దగ్గరికొచ్చే ప్రతి రచయితకూ చెబుతున్నాను: ఐఎస్‌బీఎన్ తీసుకోండి, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా కాపీరైట్ మీదే, కానీ చేయించుకుంటే అది సాక్ష్యంగా పనికొస్తుంది, ఫీజు 500 రూపాయలు. హక్కులు రాసిస్తే ఎన్నేళ్లకో రాయండి. రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లని అర్థం. హక్కులు అమ్ముకున్నా, రాసింది నేనేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది.

మారుపేర్ల సంగతి ఇక్కడ మరీ ముఖ్యం. మేనేజ్‌మెంటుకూ పోలీసులకూ జడిసి మారుపేరుతో రాసినవాళ్లు ఈ బెల్టులో చాలామంది. మామూలుగా రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది. మారుపేరు పుస్తకానికైతే అచ్చయిన నాటి నుంచే 60 ఏళ్లు. ఈలోపు అసలు పేరు బయటపెడితే మామూలు లెక్కే వర్తిస్తుంది. మారుపేరుతో పుస్తకం వేసిన భర్త నోట్‌బుక్కులు ఇనప్పెట్టెలో దాచుకున్న ఒకామెకు ఇది చెబితే, “ఆయన పేరు చెప్పుకుంటే ఇప్పుడేం గాదు గద బిడ్డా?” అని అడిగింది. రెండో ముద్రణ అసలు పేరుతో వేశాం.

ఇప్పుడు పుస్తకంతో పాటు ఒక కాగితం మీద సంతకం తీసుకుంటున్నాను: నెట్‌లో పెట్టొచ్చా, ఏఐకి ఇవ్వొచ్చా, ఎంతకు, ఎన్నేళ్లకు. జవాబులు ఒక్కలా లేవు. ఒక కవి అడ్డంగా కొట్టేశాడు. బాయిలో తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, బొగ్గెత్తిన ఒకాయన మాత్రం, ఆ బాయి మాటలు మన మనవళ్లకు తెలియవు, యంత్రమన్నా నేర్చుకోనీ అని ఉచితంగా ఇచ్చాడు. కింద తన చేతిరాతతో ఒక షరతు పెట్టాడు: ఎవరి నుంచి నేర్చుకున్నరో పేరు రాయాలె.