నిద్రలో పోయిన పసికందు ఏ లెక్కలో?

శిశు మరణాల ప్రస్తావన పార్లమెంటులో వచ్చినప్పుడెల్లా ప్రభుత్వ పక్షం ఒక అంకెను సగర్వంగా చదువుతుంది. 1971లో వేయి జననాలకు 129గా ఉండిన శిశు మరణాలు 2023 నాటికి 25కు దిగినవి. ఇది సామాన్య విజయం కాదు. అయితే ఆ మిగిలిన పాతికమందిలో ఎందరు నిద్రలోనే, కారణం తెలియకుండా కన్నుమూశారని అడిగితే రాజధానిలో సమాధానం దొరకదు. 2020లో దేశంలో నమోదయిన మరణాలలో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ నిద్రలో హఠాత్తుగా మరణించి, శవపరీక్షలోను, మరణించిన స్థలాన్ని పరిశీలించిన మీదటను కారణం తేలనప్పుడే దానిని ఆకస్మిక శిశు మరణమని వైద్యశాస్త్రం అంటున్నది. మన ఇళ్ళలో అది బాలారిష్టమో, దిష్టియో, కాకున్న తల్లి అజాగ్రత్తయో అయి ఊరుకుంటుంది. లెక్కించనందువల్ల కలిగే మొదటి అన్యాయం ఆ తల్లిపై పడే నింద.

లెక్కించిన దేశాల అనుభవం వేరు. శిశువులను బోర్లా పడుకోబెట్టుమని పాశ్చాత్య వైద్యులే దశాబ్దాల తరబడి బోధించారు. అది ప్రమాదకరమని గణాంకాలు చాటిన పిమ్మట 1991లో బ్రిటన్, 1994లో అమెరికా, వెల్లకిల పడుకోబెట్టుమని ప్రచారం సాగించగా ఈ మరణాలు సగానికి పైగా తగ్గినవి. 1970 నాటికే లభ్యమైన ఆధారాలను సకాలంలో గుర్తించి ఉంటే బ్రిటన్‌లోనే పదివేల మందికి పైగా శిశువులు బ్రతికేవారని 2005లో ఒక సమీక్ష తేల్చింది.

ఈ బోధ పట్టెమంచాలు, వేరు గదులు గల ఇళ్ళకేనా? కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవును ఆనుకొని ఉన్న వాట్‌గంజ్‌లో తిరిగినప్పుడు నన్ను వేధించిన ప్రశ్న ఇదే. పద్ధెనిమిదో శతాబ్దిలో అక్కడ ఓడల కర్మాగారం నెలకొల్పిన కర్నల్ వాట్సన్ పేరిట వెలసిన ఆ పాతపేటలో ఒకే గదిలో సంసారం సాగించే కుటుంబాలు అనేకం. చిత్రమేమంటే ఆ పేదరికంలోనే కొంత రక్షణ ఉన్నది. నేలపై పరచిన గట్టి చాప, తల్లి ఉన్న గదిలోనే బిడ్డ నిద్ర, చనుబాలు: ఈ మూడూ నేటి శాస్త్రం కోరునవే. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో దక్షిణాసియా సంతతి కుటుంబాలలో ఈ మరణాలు తెల్లవారికంటె చాలా తక్కువని పరిశోధకులు గమనించారు.

విడువవలసినవీ ఉన్నవి. తల గుండ్రంగా రావాలని బెంగాలీ ఇళ్ళలో పెట్టే ఆవాల దిండు, మెత్తని బొంత, తలమీదికి కప్పిన దుప్పటి పసివాని ఊపిరికి అడ్డు రాగలవు. గదిలో బీడీ పొగ మరింత చేటు. పొగ త్రాగినవారు, మద్యం సేవించినవారు శిశువు ప్రక్కన పడుకొనరాదు. తల్లి చాపకు చేరువగా బిడ్డకు వేరే చిన్న చాప వేయుటకు ఏ పంచవర్ష ప్రణాళికా అక్కరలేదు.

చెప్పవలసినవారు ఎవరు? 2011లో ఆరంభమైన నవజాత గృహ సంరక్షణ పథకం క్రింద, ఆసుపత్రిలో పుట్టిన శిశువును చూడడానికి ఆశా కార్యకర్త 42 దినాలలో ఆరు పర్యాయాలు ఇంటికి రావాలి. 2018 నాటి తదుపరి పథకంలో సందర్శనలు మూడవ నెలతో మొదలవుతవి. ఈ మరణాలు అధికంగా సంభవించేది రెండు నుంచి నాలుగు నెలల వయసులో. అనగా ప్రమాదం ముమ్మరించే వేళకు ఒక పథకం ముగిసి, మరొకటి ఇంకా గడప తొక్కదు. కనుక ఆ ఆరు రాకలలోనే బిడ్డ పడకను చూచి చెప్పడం విధిగా చేయాలి. మరణించిన ప్రతి శిశువుకూ కారణం విచారించి నమోదు చేయాలి. ఖర్చు స్వల్పం, లేనిది సంకల్పమే. లెక్కలోకి రాని బిడ్డను గురించి ఏ సభలోనూ ఏ మంత్రీ జవాబు చెప్పనవసరం లేదు.