దస్త్రాలు అక్కడ.. తాళంచెవి ఎక్కడ?

* క్లౌడ్‌లోని సమాచారానికి ఖాతాదారు తాళం అదనపు రక్ష
* చెవిని చెరిపేస్తే కంపెనీ సైతం తెరవలేదు

షాబాద్‌ (రంగారెడ్డి జిల్లా): ఒకప్పుడు ఆసుపత్రి రికార్డులు బీరువాలో, సహకార సంఘం ఖాతాలు ఇనుప పెట్టెలో ఉండేవి. తాళంచెవి గుమస్తా మొలతాడుకు వేలాడేది. నేడు ఆ లెక్కలు ఒక్కొక్కటిగా ‘క్లౌడ్‌’కు చేరుతున్నాయి. పేరుకు మేఘమే అయినా అవి ఉండేది నేలమీదనే. అమెజాన్‌ వెబ్‌ సర్వీసెస్‌ రాష్ట్రంలో రూ.20,761 కోట్లతో డేటా కేంద్రాలు నెలకొల్పనున్నట్లు 2020 నవంబరులో ప్రకటన వెలువడింది. ఆ కేంద్రాలకు ఎంపికైన చోట్లలో ఈ మండలంలోని చందనవెల్లి ఒకటి. హైదరాబాద్‌ పేరిట ఆ సేవలు 2022 నవంబరులో ప్రారంభమయ్యాయి. ఇలాంటి భవనాలకు కంచె, కాపలా, కెమెరాలకు కొదవ ఉండదు. అయితే లోపల దాచిన సమాచారానికి వేసిన తాళం చెవి ఎవరి అధీనంలో ఉందన్నది మాత్రం చాలా సంస్థలు అడగని ప్రశ్న.

తాళం లేదని కాదు

సమాచారాన్ని ఇతరులకు అర్థం కాని సంకేతలిపిలోకి మార్చి దాచడాన్నే ఎన్‌క్రిప్షన్‌ అంటారు. తిరిగి చదవాలంటే ఒక రహస్య సంఖ్య కావాలి. అదే తాళంచెవి. అమెజాన్‌ నిల్వ సేవ అయిన ఎస్‌3లో 2023 జనవరి నుంచి కొత్తగా చేరే ప్రతి ఫైలుకూ ఈ రక్షణ దానంతటదే లభిస్తోంది. అయితే అక్కడ చెవిని తయారుచేసేదీ, దాచేదీ, వాడేదీ కంపెనీయే. ఫైలును చదివే అనుమతి ఉన్నవారికి తాళం అడ్డే కాదు.

రెండో పద్ధతిలో ఖాతాదారే తన పేరిట ఒక చెవిని సృష్టించుకుంటాడు. దానిని ఎవరు వాడవచ్చో, ఎవరు వాడరాదో తానే నిర్ణయిస్తాడు. అవసరమైతే నిలిపివేస్తాడు. బ్యాంకు లాకరుకు బ్యాంకు చెవి, ఖాతాదారు చెవి రెండూ తిరిగితేనే తలుపు తెరుచుకున్నట్లు, ఇక్కడ ఫైలుపై అనుమతి, చెవిపై అనుమతి రెండూ ఉండాలి. అమెజాన్‌, గూగుల్‌, మైక్రోసాఫ్ట్‌ మూడూ ఈ సదుపాయం కల్పిస్తున్నాయి. అమెజాన్‌లో ఒక చెవికి నెలకు ఒక డాలరు అద్దె. వాడకాన్ని బట్టి మరికొంత రుసుము ఉంటుంది.

ప్రధాన చెవితో నేరుగా ఫైళ్లకు తాళం వేయరు. ఫైలుకో, డేటాబేస్‌కో వేరే చిన్న చెవిని వాడి, ఆ చిన్న చెవిని ప్రధాన చెవితో మూసి ఫైలు పక్కనే ఉంచుతారు. ప్రధాన చెవి మాత్రం దానికంటూ ఉన్న ప్రత్యేక భద్రతా యంత్రాన్ని దాటి బయటకు రాదు. చిన్న చెవి కావలసినప్పుడల్లా ఆ యంత్రాన్నే ఆశ్రయించాలి. అనుమతి ఉందో లేదో చూసి అది తెరిచి ఇస్తుంది. ఎవరు, ఏ సమయంలో అడిగారన్నది చిట్టాలో నమోదవుతుంది. లక్షల ఫైళ్లున్నా ప్రధాన చెవి ఒక్కదానిని నిలిపివేస్తే వాటిని కొత్తగా తెరవడం సాధ్యం కాకపోవడానికి కారణం ఇదే.

పెద్ద బ్యాంకుకే తప్పలేదు

తాళం ఉన్నా ఫలితం లేకపోయిన ఉదంతం అమెరికాలో జరిగింది. 2019 మార్చిలో క్యాపిటల్‌ వన్‌ బ్యాంకు క్లౌడ్‌ నిల్వలోకి ఓ మహిళ చొరబడింది. ఆమె గతంలో అమెజాన్‌ క్లౌడ్‌ విభాగంలో పనిచేసిన ఇంజినీరు. అమెరికా, కెనడాల్లో దాదాపు 10.6 కోట్ల మంది వివరాలు ఆమె చేతికి చిక్కాయి. సమాచారం ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంది. అయితే చొరబాటుకు వాడుకున్న అనుమతితోనే తాళం కూడా తెరుచుకుందని బ్యాంకే అంగీకరించింది. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. దొంగ ఏ తలుపున వచ్చాడో ఆ తలుపు వెనుకే చెవి వేలాడదీస్తే తాళం ఎంత గట్టిదైతేనేం?

అందుచేత చెవిని నిర్వహించే వ్యక్తి, చెవితో సమాచారం చదివే వ్యక్తి వేర్వేరుగా ఉండాలన్నది ఈ విధానంలో మొదటి నియమం. రోగుల వివరాల డేటాబేస్‌కు ఒక చెవి, జీతాల పట్టికలకు మరొకటి ఉంటే ఒకచోట జరిగిన నష్టం రెండోచోటుకు పాకదు. ఆఫీసులో ఉన్నవారు ఇద్దరు ముగ్గురే అయితే ఈ విభజన కష్టమే. కనీసం రోజూ వాడే లాగిన్‌కు చెవిని తొలగించే అధికారం లేకుండా చూడాలి.

ఆరిపోతే అంతే

లాకరు చెవి పోతే బ్యాంకు పనివాడిని పిలిపించి తలుపు పగలగొట్టిస్తుంది. ఇక్కడ ఆ వీలు లేదు. ప్రధాన చెవి శాశ్వతంగా తొలగిపోతే దాని కింద ఉన్న ఫైళ్లు, డేటాబేస్‌లు, వాటి నకళ్లు సైతం పనికిరాని అక్షరాల కుప్పగా మిగులుతాయి. ఈ ప్రమాదం దృష్ట్యానే తొలగింపు ఆదేశం వెంటనే అమలు కాదు. అమెజాన్‌లో 7 నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో తొలగించిన చెవిని 90 రోజుల వరకు తిరిగి పొందేలా అమర్చుకోవచ్చు. అక్కడ గడువుకు ముందే ఎవరూ చెరిపేయకుండా అడ్డుకునే రక్షణ కూడా ఉంది. ‘వాడటం లేదు కదా’ అని తొలగించే ముందు కొన్ని నెలలు నిలిపివేసి చూడటం క్షేమం. ఏడాది చివర మాత్రమే తెరిచే ఆడిట్‌ నకళ్లు ఆ చెవి మీదనే ఆధారపడి ఉండవచ్చు.

ఏటా చెవి మార్చుకుంటే పాత ఫైళ్లకూ కొత్త తాళం పడుతుందన్న అపోహ కూడా ఉంది. అలా జరగదు. పాతవాటిని తెరిచేందుకు పాత చెవి భద్రంగా ఉంటుంది. కొత్త ఫైళ్లకే కొత్తది వర్తిస్తుంది.

ఖాతా ఎవరి పేరిట?

చిన్న పట్టణాల్లోని నర్సింగ్‌హోమ్‌లు, కళాశాలలు, సంఘాలు సాధారణంగా సాఫ్ట్‌వేర్‌ సరఫరాదారు ద్వారానే క్లౌడ్‌లో అడుగుపెడతాయి. ఖాతా సరఫరాదారు పేరిట ఉంటే చెవీ అతడిదే. ఒప్పందం చెడినా, బిల్లు బకాయి పడినా సమాచారం ఎవరి మాట వింటుందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి సంతకం చేసే ముందే ఖాతాను, ప్రధాన చెవిని సంస్థ పేరిట ఉంచి, సరఫరాదారుకు వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వాలి. 2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పని మరొకరికి అప్పగించినా బాధ్యత సంస్థదే. తగిన భద్రత పాటించనివారికి రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే వీలుంది. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు భద్రతా చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ను పేరుపెట్టి ప్రస్తావించాయి. సంస్థల ప్రధాన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి.

ఇప్పటికే నడుస్తున్న డేటాబేస్‌ విషయంలో మరో చిక్కు ఉంది. అమెజాన్‌ ఆర్‌డీఎస్‌లో డేటాబేస్‌ను సృష్టించే సమయంలోనే చెవిని ఎంచుకోవాలి. తర్వాత నేరుగా మార్చే వీలు లేదు. పూర్తి నకలు తీసి, దానిని కొత్త చెవితో మరోసారి నకలు చేసి, అందులోంచి కొత్త డేటాబేస్‌ను లేపాలి. నకలు తీసిన క్షణం నుంచి కొత్తది సిద్ధమయ్యేవరకు పాతదానిలో నమోదైనవి కొత్తదానికి చేరవు. కనుక ఈ పనిని రాత్రివేళ, బిల్లింగు కౌంటరు మూసి ఉన్నప్పుడు పెట్టుకోవడం మేలు.