పాత ల్యాప్‌టాప్, కొత్త ఆట: ‘మద్దతు లేదు’ అన్న మాటకు అర్థమేమిటి?

సూరత్: నగరం నుంచి హజీరాకు వెళ్లే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్‌కు వజ్రాభరణాల పార్కు వల్ల గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచి ముందుకు సాగితే ఉక్కు, ఎరువులు, పెట్రోరసాయనాల కర్మాగారాలు కనిపిస్తాయి. నగరానికి మరోవైపున, లింబాయత్ పరిసరాల్లో, తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలి నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను నడిపే మాధ్యమాల్లో తెలుగు కూడా ఒకటి.

మరమగ్గంపైనో కర్మాగారంలోనో ఆధారపడిన ఇంట్లో సాధారణంగా ఒకే కంప్యూటర్ ఉంటుంది. అది చాలాసార్లు ఏదో కార్యాలయం వాడి వదిలేయగా బాగుచేసి అమ్మిన ల్యాప్‌టాప్. పిల్లల చదువుకు, తండ్రి బ్యాంకు లావాదేవీలకు, ఉద్యోగ దరఖాస్తులకు అదే ఆధారం. సాయంత్రమైతే ఆటకూ అదే. ఆ యంత్రంలో కొత్త ఆటను తెరిచినప్పుడు ‘ఈ గ్రాఫిక్స్ హార్డ్‌వేర్‌కు మద్దతు లేదు’ అన్న సందేశం వస్తే ఏమి చేయాలి? కొత్త యంత్రం కొనాలా, లేక అంతర్జాలంలో ఎవరో చెప్పిన చిట్కాను నమ్మాలా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందుగా ఒక విషయం గ్రహించాలి. ‘మద్దతు లేదు’ అన్న ఒకే వాక్యం వెనుక మూడు వేర్వేరు కారణాలు దాగి ఉంటాయి. మొదటిది, చిప్‌లో ఆ సామర్థ్యమే లేకపోవడం. రెండవది, సామర్థ్యం ఉన్నా తయారీదారు దానిని నిలిపివేయడం. మూడవది, ఆట తయారీదారు ఆ చిప్‌ను పరీక్షించకుండా పక్కన పెట్టడం. మూడింటికీ పరిష్కారాలు వేరు, ప్రమాదాలూ వేరు.

అరువు జ్ఞాపకశక్తితో నడిచే చిప్

ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డుకు తనదైన వేగవంతమైన మెమరీ ఉంటుంది. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు అది లేదు. కంప్యూటర్‌లోని సాధారణ ర్యామ్‌నే ప్రాసెసర్‌తో కలిసి పంచుకోవలసి ఉంటుంది. తేడా ఎంతో అంకెల్లో చూస్తే స్పష్టమవుతుంది. డీడీఆర్3-1600 రకం ర్యామ్ ఒక్క ముక్క ఉన్న ల్యాప్‌టాప్‌లో సెకనుకు గరిష్ఠంగా 12.8 గిగాబైట్ల సమాచారం ప్రవహిస్తుంది. డీడీఆర్4-2400 అయితే 19.2 గిగాబైట్లు. అదే సాధారణ శ్రేణి కార్డయిన జీటీఎక్స్ 1650 తొలి నమూనాలో ఈ ప్రవాహం 128 గిగాబైట్లు.

దీనిని బట్టి ఒక ఉపాయం తోస్తుంది. ల్యాప్‌టాప్‌లో ర్యామ్‌కు రెండు గదులు ఉండి ఒకటి ఖాళీగా ఉంటే, అందులో అదే రకం రెండో ముక్కను అమర్చినప్పుడు రెండు దారులు తెరుచుకుని ప్రవాహం రెట్టింపవుతుంది. ఆటలోని కదలిక కూడా సరిగ్గా రెట్టింపు అవుతుందని చెప్పలేము కానీ, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌పై ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే మార్పు మరొకటి లేదు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం కింద మెమరీని నొక్కితే రెండు గదుల్లో ఎన్ని నిండాయో కనిపిస్తుంది. ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్‌లలో ఈ తేడా పేరులోనే తెలిసిపోతుంది. ‘ఐరిస్ ఎక్స్‌ఈ’ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరే అయినా ర్యామ్ ఒకే దారిలో ఉంటే విండోస్ దానిని ‘యూహెచ్‌డీ గ్రాఫిక్స్’ అని చూపుతుంది. డబ్బాపై ఒక పేరు, తెరపై మరో పేరు కనిపించి దుకాణదారుపై అనుమానపడేవారికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

ఈ మార్పు వేగాన్ని పెంచుతుంది. తెరుచుకోని ఆటను తెరిపించదు.

చిప్‌లోనే లేనప్పుడు

2023 సెప్టెంబర్ 27న వాల్వ్ సంస్థ ‘కౌంటర్ స్ట్రైక్ 2’ను విడుదల చేసింది. అది విడిగా వచ్చిన కొత్త ఆట కాదు, అప్పటివరకు కోట్ల మంది ఆడుతున్న ‘గ్లోబల్ అఫెన్సివ్’ స్థానంలోకి వచ్చినది. పాత ఆట డైరెక్ట్‌ఎక్స్ 9తో నడిచేది, కొత్తదానికి డైరెక్ట్‌ఎక్స్ 11 తప్పనిసరి. 2011 నాటి రెండవ తరం ఇంటెల్ ప్రాసెసర్లలోని హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్ డైరెక్ట్‌ఎక్స్ 10.1 వద్దే ఆగిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన హెచ్‌డీ 4000కు డైరెక్ట్‌ఎక్స్ 11 ఉంది. అంటే ఒక్క ఏడాది తేడాతో తయారైన రెండు యంత్రాల్లో ఒకటి లోపల, ఒకటి బయట నిలిచాయి. పాత ఆటను విడిగా తెరుచుకునే వీలు మిగిలినా, అధికారికంగా పోటీదారులను జతచేసే వ్యవస్థ దానికి లేకుండా పోయింది. డబ్బు పెట్టి ఆటను కొన్నవారికీ ఇదే వర్తించింది. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ విషయంలో అలా జరగలేదు. 2025 మార్చిలో మెరుగుపరిచిన రూపం వచ్చినప్పుడు పాత రూపాన్ని విడిగా కొనసాగించారు. సాంకేతికంగా రెండో దారి అసాధ్యమేమీ కాదని దీనితో తేలింది.

కొత్త ఆటల్లో హద్దు ఇంకా పైకి జరిగింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’, 2025 మేలో వచ్చిన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ కాంతికిరణాల గమనాన్ని లెక్కించే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉండాలని నిర్దేశించాయి. ఇంటిగ్రేటెడ్ చిప్‌లలో ఆ సౌకర్యం ఏఎండీ రైజెన్ 6000 శ్రేణిలో 2022లోను, ఇంటెల్ తొలితరం కోర్ అల్ట్రాలో 2023 చివరిలోను వచ్చింది. అంతకు ముందువాటిలో చాలావరకు లేదు.

లేని దానిని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించలేమా? అనుకరించవచ్చు. లైనక్స్‌లో ఏఎండీ చిప్‌ల కోసం స్వచ్ఛంద నిపుణులు, సంస్థలు కలిసి రూపొందిస్తున్న ఆర్‌ఏడీవీ డ్రైవర్‌లో రే ట్రేసింగ్‌ను అనుకరించే ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ కూడా గ్రాఫిక్స్ పనిని పూర్తిగా ప్రాసెసర్‌తోనే చేయించే ‘వార్ప్’ అనే వ్యవస్థను విండోస్ 7తో అందించింది. అప్పట్లో ఆ సంస్థే ‘క్రైసిస్’ ఆటను 800×600 పరిమాణంలో, అతి తక్కువ నాణ్యతతో పరీక్షించి ఫలితాలను ప్రకటించింది. శక్తిమంతమైన ఐ7 ప్రాసెసర్ ఒక్కటే సెకనుకు సగటున 7 చిత్రాల పైచిలుకు గీయగా, నాటి ఇంటెల్ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ 5 మాత్రమే గీసింది. ఆట సాఫీగా సాగాలంటే కనీసం 30 కావాలి. ఆట తెరుచుకుంటుంది, కానీ ఆడలేము. వీడియోల్లో ‘నడిచింది’ అని చూపేవాటిలో చాలా భాగం ఈ కోవకే చెందుతాయి.

ఉన్నదానిని తీసేసినప్పుడు

అన్నిటికన్నా సంక్లిష్టమైనది రెండో కారణం. మన దేశంలో బాగుచేసి అమ్మే ల్యాప్‌టాప్‌ల కొనుగోలుదారులకు ఇది నేరుగా తగులుతుంది. 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లు కార్యాలయాల ల్యాప్‌టాప్‌లలో విస్తృతంగా వాడబడ్డాయి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లకు అవి తర్వాత రెండో జన్మ కోసం చేరాయి. ప్రాసెసర్ పేరులోని నాలుగంకెల సంఖ్య 4తో మొదలైతే, ఉదాహరణకు ఐ5-4300యూ అయితే, అది ఈ తరానిదే. అందులో ఉండేది హెచ్‌డీ 4400 గ్రాఫిక్స్.

2015లో విండోస్ 10తో డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చినప్పుడు ఈ చిప్‌లు దానితో పనిచేశాయి. తర్వాత వీటి డైరెక్ట్‌ఎక్స్ 12 వ్యవస్థలో ఒక భద్రతా లోపం ఉండవచ్చని ఇంటెల్ గుర్తించింది. దానిని సరిదిద్దే బదులు ఆ సౌకర్యాన్నే నిలిపివేసింది. 15.40.44.5107 సంఖ్య గల డ్రైవర్ నుంచి నాలుగో తరం చిప్‌లలో డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలు తెరుచుకోవు. అప్పటివరకు పనిచేసిన ఒక గుణం ఒక నవీకరణతో అదృశ్యమైందన్నమాట. భద్రత దృష్ట్యా నిర్ణయాన్ని తప్పుపట్టలేము. అయితే లోపాన్ని సవరించడం, సౌకర్యాన్ని తొలగించడం ఒకటి కావు. వినియోగదారుకు దక్కింది రెండోది.

‘పాత డ్రైవర్ వేసుకుంటే సరి’ అన్న చిట్కా ఇక్కడి నుంచే పుట్టింది. నిజమే, పాత డ్రైవర్‌తో డైరెక్ట్‌ఎక్స్ 12 తిరిగి వస్తుంది. దానితోపాటు మూసిన తలుపు కూడా తెరుచుకుంటుంది. ఈ లోపం ‘అధికార స్థాయి పెంపు’ రకానికి చెందినది. ఏదో నకిలీ ప్రోగ్రామ్ ద్వారా యంత్రంలోకి పరిమిత అనుమతితో చొరబడిన హానికర సాఫ్ట్‌వేర్, ఇటువంటి లోపాన్ని ఉపయోగించుకుని యంత్రంపై సంపూర్ణ అధికారం పొందే అవకాశం ఉంటుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో నాలుగో తరం ప్రాసెసర్లు లేవు. అసలే రక్షణ తగ్గిన యంత్రమది. ఆట కోసమే విడిగా ఉంచిన కంప్యూటర్ అయితే ఎవరి ఇష్టం వారిది. తండ్రి బ్యాంకు ఖాతా తెరిచే ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ పని చేయరాదు.

తక్కువ ప్రమాదమున్న దారి మరొకటి ఉంది. అనేక ఆటలు డైరెక్ట్‌ఎక్స్ 12, 11 రెండింటినీ వెంట తెస్తాయి. ఆట సెట్టింగ్‌లలోనో, స్టీమ్‌లోని లాంచ్ ఆప్షన్స్‌లోనో డైరెక్ట్‌ఎక్స్ 11ను ఎంచుకుంటే, అటువంటి ఆట నాలుగో తరంపై కూడా తెరుచుకోవచ్చు. పన్నెండుకే పరిమితమైన ఆటలకు ఇది పనిచేయదు. లైనక్స్‌కు మారితే పాత చిప్‌లు కొంతకాలం బతుకుతాయన్న మాటలో నిజముంది కానీ, నాలుగో తరంపై అక్కడి వల్కన్ డ్రైవర్ కూడా అసంపూర్ణమే.

డ్రైవర్ల సేవ ఆగిపోవడం ఈ ఒక్క తరానికే పరిమితం కాదు. 2022 జూలైలో ఇంటెల్ 6 నుంచి 10వ తరం వరకు గల చాలా ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌ను పాతవాటి జాబితాలోకి మార్చింది. వాటికి భద్రతా సవరణలు వస్తాయి తప్ప, కొత్త ఆట విడుదలైన రోజున దానికి తగిన మెరుగులు రావు. కొత్త ఆటలో గోడలు నల్లగా కనిపించినా, పాత్రల ముఖాలు మాయమైనా సరిచేసే బాధ్యత ఇక ఎవరిపైనా ఉండదు.

పరీక్షించనప్పుడు

మూడో కారణం తేలికైనది. ఇంటిగ్రేటెడ్ చిప్‌కు సొంత మెమరీ లేనందున విండోస్ తరచూ ‘128 మెగాబైట్లు’ అని నామమాత్రపు అంకె చూపుతుంది, అవసరమైనప్పుడు ర్యామ్‌లో దాదాపు సగం వరకు వాడుకోగలిగినా సరే. కొన్ని ఆటలు ఆ అంకెను మాత్రమే చూసి వెనక్కి తిప్పి పంపుతాయి. రిజిస్ట్రీలో అంకె మార్చే చిట్కాలు ఈ తనిఖీని మోసగిస్తాయి, మెమరీని పెంచవు. 2005 ప్రాంతంలో ఇంటెల్ జీఎంఏ 950 కాలంలో ‘3డీ అనలైజ్’ అనే చిన్న ప్రోగ్రామ్ చేసిన పని కూడా ఇదే కోవలోది. చిప్‌లో లేని సామర్థ్యాలు ఉన్నట్టు ఆటకు అబద్ధం చెప్పేది. ఆ అబద్ధం కొన్నిసార్లు ఫలించేది.

నేడు ఇటువంటి అబద్ధాలకు వేరే వెల ఉంది. ‘వాలరెంట్’ వంటి పోటీ ఆటలతో వచ్చే మోసనిరోధక వ్యవస్థ ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో పనిచేస్తుంది. డ్రైవర్‌ను, ఆట ఫైళ్లను మార్చినట్టు కనిపిస్తే ఆట ఆగిపోవచ్చు, ఖాతాయే నిషేధానికి గురికావచ్చు. విచిత్రమేమంటే 2020లో వచ్చిన ఈ ఆటకే హెచ్‌డీ 4000ను కనీస అర్హతగా ప్రకటించారు. పాత యంత్రాలున్న దేశాలను దృష్టిలో పెట్టుకుంటే ఎంతవరకు దిగిరావచ్చో తెలిపే ఉదాహరణ ఇది.

కొనేముందు చూడవలసినవి

విండోస్ శోధనలో ‘డీఎక్స్‌డయాగ్’ అనే ఉపకరణాన్ని తెరిచి, డిస్‌ప్లే విభాగంలో ‘ఫీచర్ లెవెల్స్’ వరుసను చూడాలి. ‘డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్: 12’ అని మొదటి పుటలో కనిపించేది విండోస్ గురించే, చిప్ గురించి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆట కోరే స్థాయి ఆ వరుసలో లేకపోతే కారణం మొదటిది. ఉండి కూడా తెరుచుకోకపోతే రెండోదో, మూడోదో కావచ్చు.

తెరుచుకున్నా నత్తనడక నడిస్తే చిత్ర పరిమాణాన్ని తగ్గించడం అన్నిటికన్నా ఫలిస్తుంది. 1920×1080లో ప్రతి చిత్రానికి 20 లక్షలకు పైగా చుక్కలు గీయాలి. 1280×720లో 9 లక్షల పైచిలుకు చాలు. ఏఎండీ 2021లో విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ పద్ధతి చిన్న చిత్రాన్ని గీసి పెద్దది చేసి చూపుతుంది. దాని తొలి రూపాలు ఇతర సంస్థల చిప్‌లపైనా పనిచేస్తాయి. ‘గేమ్ బూస్టర్’ పేరుతో ఎక్కడెక్కడి నుంచో దింపుకునే ఉచిత ప్రోగ్రామ్‌లకు, పేరు తెలియని సైట్లలోని ‘సవరించిన డ్రైవర్ల’కు దూరంగా ఉండాలి. చిప్‌లో లేనిదానిని అవి ఇవ్వలేవు.

స్టీమ్‌లో ఆట కొన్నవారు 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు తిరిగి కోరవచ్చు. అందువల్ల అనుమానమున్న యంత్రంపై ఆటను దింపుకున్న రోజే తెరిచి చూడాలి. దింపుకుని వారాల తరబడి పక్కన పెడితే ఆ గడువు గడిచిపోతుంది.